ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం నెమలి బొమ్మ గీస్తూ సగంలో ఆపేశాను. బొమ్మ బాగా రాక కాదు, బాగానే వస్తోంది. పైన స్టాండుకి బిగించిన ఫోన్‌లో రికార్డింగ్ నడుస్తోంది, నేను ఈక తర్వాత ఈక వేసుకుంటూ పోతున్నాను, ఒక ఈక దగ్గర చెయ్యి కాస్త వణికి గీత పక్కకి జారింది. అప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన, "ఈ ముక్క ఎడిటింగ్‌లో తీసేయొచ్చులే" అని. ఆ గీతని ఎలా సరిచేయాలా అని కాదు, దాన్ని ఈకలోనే ఎలా కలిపేయాలా అని కాదు. పెన్ను కింద పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అది ఆ ఏడాది నేను గీస్తున్న ఎన్నో నెమలో కూడా నాకు గుర్తు లేదు, నెమళ్లని జనం ఎక్కువగా చూస్తున్నారని నెమళ్లే గీస్తున్నాను.

ఆ వీడియోలు పెట్టే సోషల్ మీడియా అకౌంట్ 2019లో మొదలుపెట్టాను. ఆఫీసు నుంచి వచ్చాక, పాప పడుకున్నాక, రాత్రి పది దాటాక నల్ల ఇంకు పెన్నుతో ఏదో ఒకటి గీసి ఫొటో తీసి పెట్టేదాన్ని. మా వీధి చివర ఇస్త్రీ బండి, వానలో తడిసిన స్కూటర్, మా అమ్మ పచ్చడి జాడీలు. యాభైమంది చూసేవాళ్లు, అందులో ఇరవైమంది మా చుట్టాలే, అయినా చాలా సంతోషంగా ఉండేది. 2020 జూన్ చివర్లో మన దేశంలో టిక్‌టాక్ ఆగిపోయాక చిన్న వీడియోలు మిగతా యాప్‌లలోకి పాకాయి, పూర్తయిన బొమ్మని చూసేవాళ్లకంటే గీస్తున్న చేతిని చూసేవాళ్లు ఎక్కువయ్యారు. నేనూ అటే వెళ్లాను. స్టాండు కొన్నాను, లైటు కొన్నాను, పదిహేను సెకన్లలో అందంగా కనబడే బొమ్మలు ఏవో తెలుసుకున్నాను. పదకొండు వేలమంది ఫాలోయర్లు వచ్చారు. ఇస్త్రీ బండి లాంటివి గీయడం మాత్రం పూర్తిగా మానేశాను, అవి ఆ పదిహేను సెకన్లలో ఇమడవు.

ఆ ఆదివారం సాయంత్రం ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి చూశాను. అంతకుముందు రోజు మూడు గంటల నలభై నిమిషాలు ఆ ఒక్క యాప్‌లోనే ఉన్నాను. గీసింది అరగంట. మిగతాదంతా బొటనవేలితో పైకి తోయడమే. తోస్తూ పోతే అడుగు తగలకుండా కొత్తవి వస్తూనే ఉండే ఆ పద్ధతిని 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడని, తర్వాత ఆయనే దాని గురించి బాధపడ్డాడని ఎప్పుడో చదివాను. ఆ రోజు దాని అర్థం నా వేలికి తెలిసింది. ఎందుకంటే ఆ తోయడానికి బలం అక్కర్లేదు, గట్టిగా తోసినా మెల్లగా తోసినా తెర మీద జరిగేది ఒకటే, వేలు ఆనితే చాలు. అసలు చేతికి ఇంతకంటే తక్కువ పని ఇంకేదీ ఉండదేమో అనిపించింది నాకు, అదీ చేతిని నమ్ముకుని బతకాలనుకున్న మనిషికి.

అకౌంట్ డిలీట్ చేయలేదు. డిలీట్ నొక్కితే 30 రోజులు గడువిస్తుంది, ఆ 30 రోజుల్లో నేను వెనక్కి వెళ్లిపోతానని నాకు ఖాయంగా తెలుసు. అందుకే పాస్‌వర్డ్‌ని నోరు తిరగని అక్షరాలతో మార్చి, కాగితం మీద రాసి, బీరువా లాకర్లో పాప పుట్టువెంట్రుకల పొట్లం పక్కన పెట్టి, ఫోన్‌లోంచి యాప్ తీసేశాను. వాట్సాప్ ఉంచుకున్నాను, స్కూల్ గ్రూప్ దాంట్లోనే ఉంది, తప్పదు.

దీనికి నష్టం లేదని చెప్పను. అక్కడినుంచే నెలకి ఒకటో రెండో పోర్ట్రెయిట్ ఆర్డర్లు వచ్చేవి, రెండు మూడు వేలు చేతికొచ్చేవి, అవి ఆగిపోయాయి. కాకినాడ నుంచి ఒకావిడ నేను ఏం పెట్టినా కింద ఒక్క మాటైనా రాసేది, ఎప్పుడూ కలవలేదు, ఆవిడ ఫోన్ నంబరు కూడా నా దగ్గర లేదు. ఆవిడ ఇప్పటికీ గుర్తొస్తుంది. మొదటి రెండు వారాలు నా వేలు దానంతటదే ఫోన్‌లో ఆ యాప్ ఉండే చోటికి వెళ్లేది. ఖాళీ జాగాని నొక్కి ఒక క్షణం ఆగిపోయేదాన్ని. రాత్రిళ్లు టెన్షన్‌గా ఉండేది, ఎవరో నన్ను పిలుస్తుంటే పలకకుండా కూర్చున్నట్టు.

కాగితం మీద గీయడానికి కూర్చుంటే ఇంకో చిక్కు వచ్చింది. పెన్ను పట్టుకోగానే చెయ్యి నెమలి దగ్గరికే వెళ్తోంది. ఐదేళ్ల అలవాటు. తెలిసిన పనిముట్టుతో తెలిసిన గీతలే వస్తాయి కదా. నాకు తెలియని పనిముట్టు ఏదైనా కావాలనిపించింది, అలా డ్రాయింగ్ టాబ్లెట్ ఆలోచన వచ్చింది.

మా ఆయన, ఆఫీసులో స్నేహితులు అందరూ ఐప్యాడ్ కొనమన్నారు. మంచి సలహానే, తెర మీదే గీయొచ్చు, పెన్సిల్ అద్భుతంగా ఉంటుంది, బొమ్మలు గీయడానికి ప్రోక్రియేట్ లాంటి యాప్ ఉంది. కానీ అది ఇంకో పెద్ద ఫోన్ కూడా. నేను దేన్నుంచి పారిపోయి వచ్చానో అది నాలుగు నొక్కుల దూరంలో ఉంటుంది. అందుకని కావాలనే తెర లేనిది కొన్నాను, నల్లటి పలక లాంటిది, దాని పెన్నుతో సహా నాలుగు వేల చిల్లర. దానంతటది ఏమీ చేయలేదు. దానికి ఇంటర్నెట్ లేదు, నోటిఫికేషన్ లేదు, వెలుగు కూడా లేదు. యూఎస్‌బీ వైరుతో లాప్‌టాప్‌కి కలిపితే మనం పలక మీద గీసేది తెర మీద కనబడుతుంది, అంతే. గీయడానికి ఉన్న జాగా 152 మిల్లీమీటర్లు పొడవు, 95 వెడల్పు. మన పోస్టుకార్డు 14 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు. అంటే పోస్టుకార్డు కన్నా సెంటీమీటరు పైచిలుకు పొడవు, అర సెంటీమీటరు వెడల్పు ఎక్కువ. ఇంత చిన్నదా అని మా పాప కూడా అడిగింది.

పెన్నులో బ్యాటరీ ఉండదు, నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చింది అదే. పలక కింద ఉన్న తీగలు విద్యుదయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి, పెన్నులో ఉన్న చిన్న తీగచుట్ట ఆ శక్తిని అందుకుని, తను ఎక్కడుందో, ఎంత గట్టిగా నొక్కుతున్నామో తిరిగి చెబుతుంది. పలకకి తగలకముందే, కాస్త పైన ఉండగానే తెర మీద గుర్తు కదులుతుంది. నొక్కుడులో 4096 మెట్లు ఉన్నాయని డబ్బా మీద రాసుంది. అన్ని మెట్లు మనిషి చేతికి తెలుస్తాయా అని అడిగితే తెలియవనే అంటాను, కానీ మెల్లగా ఆనిస్తే వెంట్రుక లాంటి గీత, అదిమితే వేలంత గీత, ఆ రెంటికీ మధ్య ఎక్కడా తెగకుండా రావాలంటే మెట్లు అంత దగ్గరగా ఉండాలి.

గీయడానికి లాప్‌టాప్‌లో క్రిటా అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. ఉచితం, ఓపెన్ సోర్స్, కేడీఈ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బృందం ప్రాజెక్టుగా మొదలైంది. స్వీడిష్ భాషలో క్రిటా అంటే సుద్ద అట. ఈ పేరు సంగతి తర్వాత మళ్లీ గుర్తొచ్చింది, చెబుతాను.

మొదటి సాయంత్రం ఘోరంగా గడిచింది. గుండ్రం గీస్తే కోడిగుడ్డు వస్తోంది. నా చెయ్యే పాడైందనుకున్నాను. మర్నాడు తెలిసింది, పలక 16:10 నిష్పత్తిలో ఉంది, నా లాప్‌టాప్ తెర 16:9, పలకంతా తెరంతటికీ పరుచుకోవడంతో ప్రతీదీ అడ్డంగా సాగుతోంది. టాబ్లెట్ సెట్టింగ్స్‌లో ఫోర్స్ ప్రపోర్షన్స్ దగ్గర టిక్ పెడితే సరిపోయింది, కింద కాస్త జాగా వాడకుండా పోతుంది గానీ గుండ్రం గుండ్రంగా వస్తుంది. కొత్తగా కొనేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే మొదట ఈ టిక్ పెట్టుకోండి.

రెండోది ఇంకా బాధపెట్టింది. ఎంత నొక్కినా గీత ఒకే మందంలో వస్తోంది. ఆ 4096 మెట్ల కోసమే కదా కొన్నది! మెల్లగా ఆనించినా, బల్ల అదిరేలా నొక్కినా అదే గీత. రాత్రి పదకొండున్నరకి నాకు ఏడుపొచ్చినంత పనయింది, అచ్చం ఫోన్ మీద వేలు తోసినట్టే ఉంది. తర్వాత వెతికితే దొరికింది: క్రిటాలో కాన్ఫిగర్ క్రిటా, అందులో టాబ్లెట్ సెట్టింగ్స్, అక్కడ విన్‌ట్యాబ్ అని, విండోస్ పాయింటర్ ఇన్‌పుట్ అని రెండు దార్లు ఉంటాయి, ఒకటి పనిచేయకపోతే రెండోదానికి మార్చి క్రిటాని మూసి తెరవాలి. మార్చాను. పెన్ను ఆనించి మెల్లగా మొదలుపెట్టి అదుముతూ తీసుకెళ్లి మళ్లీ తేల్చాను. చేప పొట్టలాగా సన్నగా మొదలై లావై సన్నగా ముగిసింది గీత. ఆ ఒక్క గీతనే ఆ రాత్రి రెండు పేజీల నిండా గీశాను.

అప్పుడు నాకు శ్రీకాళహస్తి గుర్తొచ్చింది. చాలాకాలం కిందట గుడికి వెళ్లినప్పుడు కలంకారీ వేసే ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద అరగంట కూర్చున్నాను. పాలు, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ముందు చింతబొగ్గుతో గీసుకుని, దానిపైన కసిమితో నల్ల గీత వేస్తున్నాడు. కసిమి అంటే బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన రంగు. ఆయన కలం ఒక వెదురు పుల్ల, మొనకి కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో గట్టిగా కట్టి ఉంది, ఆ చుట్టలో రంగు నిలవ ఉంటుంది, వేళ్లతో దాన్ని ఎంత పిండితే మొనలోకి అంత దిగుతుంది. అంటే గీత మందం మొన దగ్గర కాదు, వేళ్ల మధ్య నిర్ణయమవుతోంది. దేవుడి కనుబొమ్మ వేసేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టడం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. "గుడ్డకి చెరుపు లేదమ్మా" అన్నాడు, నేను అడక్కుండానే.

తర్వాత రెండు నెలలు పెద్దగా చెప్పుకునే బొమ్మలేమీ రాలేదు. చెయ్యి బల్ల మీద, కళ్లు తెర మీద, రెండూ కలవడానికే నాకు మూడు వారాలు పట్టింది. గీత కుదురుగా రావడానికి స్టెబిలైజర్ అని ఒకటుంటుంది, కొన్నాళ్లు వాడి తీసేశాను, గీత నున్నగా వస్తుంది గానీ నా చేతి వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. పాత లాప్‌టాప్ కావడంతో పెద్ద బ్రష్ తీస్తే అదీ ఆగి ఆగి కదిలేది, కాన్వాస్ చిన్నది చేసుకున్నాను. క్రిటాలో రికార్డర్ అని కూడా ఉంది, మనం గీస్తుంటే అదంతా దాచి చివర్లో వీడియో చేసిస్తుంది. అది కనబడ్డ రోజు చాలాసేపు దాని మీదే చూపు నిలిచిపోయింది. ఆ ప్యానెల్ మూసేశాను. ఇస్త్రీ బండి మళ్లీ గీశాను. ఈసారి ఆ ఇస్త్రీ పెట్టెలోంచి లేచే నిప్పురవ్వలతో సహా.

డిసెంబరు మొదట్లో అమ్మ గుడివాడ నుంచి వచ్చింది, కంటి శుక్లాల ఆపరేషన్‌కి. ఆపరేషన్ చక్కగా జరిగింది. కానీ కొన్ని వారాలు వంగకూడదు, బరువులెత్తకూడదు, కంట్లో దుమ్ము పడకూడదు అన్నారు డాక్టరుగారు. ఇదంతా ధనుర్మాసం మొదలయ్యే ముందు. అమ్మ పెళ్లయినప్పటినుంచీ ధనుర్మాసం నెల రోజులూ పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేయని రోజు నాకు తెలిసి లేదు. వంగకుండా, ముగ్గుపిండి ముట్టుకోకుండా ఈ నెల ఎలా గడుస్తుంది ఈవిడకి? నెలగంట పెట్టిన రోజు పొద్దున బాల్కనీలో నిలబడి కింద వాచ్‌మన్ భార్య వేస్తున్న ముగ్గు చూస్తూ ఉంది, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని. ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా అనిపించింది.

ఆ రాత్రి లాప్‌టాప్ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, "నువ్వు చెప్పమ్మా, నేను వేస్తాను" అన్నాను.

"ఏం చెప్పనే ఇందులో?"

"చుక్కలు చెప్పు."

కాసేపు ఆలోచించి, "ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క" అంది. మా అమ్మమ్మ ముగ్గు అట అది.

ఏడు పెట్టాను. పైన ఆరు, ఐదు, నాలుగు, ఒక్కోటీ కింది చుక్కల సందులో పడేలా. కింద మళ్లీ ఆరు, ఐదు, నాలుగు. మొత్తం 37. నడిమి చుక్క చుట్టూ ఆరు రేకులు, ఆరు మూలలా ఆరు దీపాలు. అమ్మకి సంతోషంగా ఉంటుందని మల్టీబ్రష్ అనే టూల్ తీశాను, ఒక రేకు గీస్తే ఆరు వైపులా ఆరు రేకులు వాటంతటవే పడిపోతాయి. రెండు నిమిషాల్లో ముగ్గు అయిపోయింది. అమ్మ చూసి, "బాగుంది" అంది, చుట్టాలింట్లో కూర బాగుందన్నట్టు. తర్వాత, "ఆరూ ఒక్కలాగే ఉన్నాయేంటే, ఎవరు వేసినట్టూ లేదు" అంది.

తుడిచేసి చుక్కలు మాత్రం ఉంచి పెన్ను అమ్మ చేతికిచ్చాను.

ఆవిడ దాన్ని పెన్నులా పట్టుకోలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ముగ్గుపిండి పట్టుకున్నట్టు పట్టుకుంది, మొన దగ్గరగా, మణికట్టు గాల్లో ఉంచి. గీస్తే ఏమీ పడలేదు. అంత తేలిగ్గా ఆనిస్తోంది. ముగ్గు వేసే చెయ్యి నేలని ఎప్పుడూ నొక్కదు కదా, నొక్కుడంతా ఆ రెండు వేళ్ల మధ్యే, వేళ్లు ఎంత సడలితే పిండి అంత జారుతుంది, శ్రీకాళహస్తి పెద్దాయన కలంలాగే. "గట్టిగా నొక్కమ్మా" అనబోయి ఆగాను. డెబ్బై ఏళ్ల చేతిని మార్చడమెందుకు, యంత్రాన్నే మారుద్దాం. సెట్టింగ్స్‌లో ప్రెషర్ కర్వ్ అని ఒక వంపు గీత ఉంటుంది, దాన్ని ఎడమ వైపు పైకి లాగితే మెల్లగా ఆనించినా గీత పడుతుంది. నాలుగైదు సార్లు లాగి, ఆవిడ చేత గీయించి, మళ్లీ లాగి, చివరికి ఆ చేతికి సరిపోయేలా కుదిరింది. తెర మీద మా అమ్మ గీత వచ్చింది. మొదట్లో కాస్త సన్నగా, వంపులో నిండుగా, చుక్క దగ్గర తేలిపోతూ, చిన్నప్పటినుంచీ మా వాకిట్లో చూసిన గీత. సుద్ద అని పేరున్న సాఫ్ట్‌వేర్‌లో.

మూడో రేకు తప్పింది. కంట్రోల్ జెడ్ నొక్కితే పోతుందని చూపించాను. అక్కర్లేదంది. "ముగ్గులో తప్పొస్తే చెరపం, పక్కన ఇంకో వంపు వేసి కలిపేసుకుంటాం" అని అలాగే కలిపేసింది. ఆ రేకు మిగతావాటికంటే కాస్త లావుగా ఉండిపోయింది. నలభై నిమిషాలు పట్టింది మొత్తం. మధ్యలో ఒక్కసారి కూడా నాకు ఫోన్ గుర్తు రాలేదు, ఇది తర్వాత పడుకున్నాక తట్టింది.

అయ్యాక అమ్మ అడిగింది, "పిన్నికి పంపవే" అని.

నా కడుపులో ఏదో కదిలింది. నాలుగు నెలలుగా నేను గీసింది ఎవరికీ పంపలేదు. పంపితే మళ్లీ ఎదురుచూడ్డం మొదలవుతుంది, చూసిందా, ఏమంది అని. కానీ అది నా ముగ్గు కాదు, అమ్మది. పిన్నికి ఒక్కదానికే వాట్సాప్‌లో పంపాను. పది నిమిషాల్లో ఫోన్ మోగింది. హార్ట్ బొమ్మ కాదు, థంబ్స్ అప్ కాదు, ఫోనే చేసింది.

"ఏమే తల్లీ, మీ అమ్మ దీపాల మొనలు లోపలికి తిప్పిందేంటే? బయటికి కదా ఉండాలి!"

అమ్మ పక్కనుంచి వినేసింది. "దానికేం తెలుసు, అప్పటికి అది లంగాలు కట్టుకుని తిరుగుతోంది. మా అమ్మ లోపలికే వేసేది, నడిమి పువ్వుకి వెలుగు పడాలని" అంది. పిన్ని ఒప్పుకోలేదు. స్పీకర్‌లో పెట్టాను. దీపం వాకిట్లోకొచ్చేవాళ్లకి కదా అని ఆవిడ, కాదని ఈవిడ, అక్కణ్నించి అమ్మమ్మ ముగ్గుపిండి ఏ డబ్బాలో పెట్టేది, ఆ డబ్బా ఎవరింటికి వెళ్లింది, ఏ సంక్రాంతికి ఎవరు రథం ముగ్గు వేశారు, ఇదంతా గంటంబావు మాట్లాడుకున్నారు. నాకు ఇందులో సగం సంగతులు తెలియనే తెలియవు. ఆ ముగ్గులో ఉన్న ప్రతి చుక్కనీ పిన్ని చూసింది, లావు రేకుతో సహా. "మూడో రేకు తప్పి కలిపేశావు కదూ అక్కా" అని అడిగింది.

వాళ్లు మాట్లాడుతుండగానే క్రిటాలో ఇంకో లేయర్, అంటే పైన పరిచే గాజుకాగితం లాంటి పొర, తీసి, అమ్మ దీపాలు కింది లేయర్లో అలాగే ఉంచి, పై లేయర్లో మొనలు బయటికి ఉండేలా ఆరు దీపాలు చేత్తోనే వేశాను. ఏ లేయర్ పక్కన ఉన్న కన్ను గుర్తు నొక్కితే అది దాగుతుంది, మళ్లీ నొక్కితే కనబడుతుంది. అమ్మ రెండూ మార్చి మార్చి చూసి, "దానిది కూడా బానే ఉందిలే, చెప్పకు" అంది.

పిన్ని దగ్గర వాళ్లిద్దరూ పెళ్లికి ముందు గళ్ల నోట్‌బుక్‌లో వేసుకున్న ముగ్గులున్నాయట, అటక మీద. వచ్చే ఆదివారం దింపిస్తానంది. అమ్మ ఇప్పటికే నన్ను అడుగుతోంది, 21 చుక్కల ముగ్గు ఆ పోస్టుకార్డంత పలకలో పడుతుందా అని.